శాస్త్రి గారు మెతక మనిషా? ఆ 19 నెలల్లో ఆయన నిజంగా చేసిందేమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లాల్ బహదూర్ శాస్త్రి గారి గురించి ఎక్కడ చూసినా అప్పు చేసి కారు కొన్నారు, రైలు ప్రమాదానికి రాజీనామా చేశారు, జై జవాన్ జై కిసాన్ అన్నారు అని మాత్రమే ఉంటుంది. అవి కాకుండా పరిపాలకుడిగా ఆయన ఏం చేశారు? కాంగ్రెస్ పెద్దలు తమ మాట వింటాడని కూర్చోబెట్టిన మెతక మనిషి అనే మాటలో నిజమెంత?

సూటిగా చెబుతాను. కూర్చోబెట్టింది పెద్దలే, అందులో అనుమానం లేదు. మెతక అన్నది మాత్రం తప్పు. ఒక విషయం తనకంటే బాగా తెలిసిన మనిషిని వెతికి పని అప్పగించడం, అందరి మాటా ఓపిగ్గా వినడం, తేల్చాక ఆ మనిషి వెనక గట్టిగా నిలబడటం ఆయన పద్ధతి. తిండి గింజల విషయంలో, యుద్ధంలో అది బాగా పనిచేసింది. భాష గొడవలో అదే పద్ధతి ఆలస్యానికి దారితీసి ప్రాణాలు పోయాయి. రెండూ కలిపి చూస్తేనే మనిషి అర్థమవుతాడు.

నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు గ్రూప్స్, సివిల్స్ పిల్లలకి పాలిటీ చెబుతున్నాను. మాక్ ఇంటర్వ్యూలో శాస్త్రి గారి పేరు ఎత్తితే చాలామంది "నిజాయితీకి నిలువుటద్దం సార్" అని ఆగిపోతారు. సరే బాబూ, ఆహార శాఖకి సుబ్రహ్మణ్యాన్నే ఎందుకు తీసుకున్నారు అని అడిగితే నీళ్ళు నములుతారు. తప్పు వాళ్ళది కాదు. ఆయన్ని మనం నీతి కథల పుస్తకంలో పెట్టేసి, చరిత్ర పుస్తకంలో అరపేజీతో సరిపెట్టాం.

ముందు ఆ రోజుల పరిస్థితి. 1964 మే 27న నెహ్రూ పోయేనాటికి మన ప్రజాస్వామ్యానికి నిండా ఇరవై ఏళ్ళు లేవు. మూడు సాధారణ ఎన్నికలు జరిగాయి, మూడింటికీ నాయకుడు ఒక్కడే. పక్కన పాకిస్తాన్‌లో 1958లోనే సైన్యం గద్దెనెక్కింది. బర్మాలో 1962లో నే విన్ అదే పని చేశాడు. 1962 చైనా యుద్ధంలో మన పరువు పోయింది. నెహ్రూ తర్వాత ఎవరు అన్నది అప్పట్లో టీ కొట్టు కబురు కాదు, దేశం నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న.

దానికి జవాబు సగం మన తిరుపతిలోనే తయారైంది. 1963 అక్టోబర్‌లో కాంగ్రెస్ పెద్దలు కామరాజ్, నిజలింగప్ప, అతుల్య ఘోష్, మన సంజీవరెడ్డి గారు అక్కడ కలుసుకున్నారు. మొరార్జీ దేశాయ్ వద్దు, శాస్త్రి అయితే అందరికీ ఆమోదం అని వాళ్ళు ఒక అభిప్రాయానికి వచ్చింది అక్కడే. తర్వాత పత్రికలు 'సిండికేట్' అన్నది వీళ్ళనే. నెహ్రూ పోయాక కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ ఎంపీలనూ ముఖ్యమంత్రులనూ విడివిడిగా పిలిచి మాట్లాడి, ఓటింగ్ లేకుండానే తేల్చేశారు. జూన్ 9న శాస్త్రి గారు ప్రమాణం చేశారు. కొద్ది వారాలకే గుండెపోటు. జూలైలో లండన్‌లో జరిగిన కామన్వెల్త్ సమావేశానికి కూడా వెళ్ళలేకపోయారు. పెద్దల దయతో కుర్చీ ఎక్కాడు, పైగా రోగి. ఇంకేం, మెతక అనే ముద్ర పడిపోయింది.

ఆ ముద్ర తప్పని చెప్పే సంఘటన ఆయన ప్రధాని కాకముందే జరిగింది. క్లాసులో నేను తప్పకుండా చెప్పేది ఇదే. 1963 డిసెంబర్ 27న శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గాలోని పవిత్ర కేశం (మహమ్మద్ ప్రవక్తదని నమ్మే వెంట్రుక) మాయమైంది. కాశ్మీర్ లోయ అట్టుడికింది. వారం తర్వాత అది మళ్ళీ దర్గాలోనే దొరికింది. అయితే ఇది అసలుదేనా అని జనం అనుమానం. మా మతపెద్దలు చూసి చెప్పాలని పట్టుబట్టారు. ఢిల్లీలో హోంశాఖ అధికారులు ససేమిరా అన్నారు. వాళ్ళ భయం కొట్టిపారేసేదేం కాదు. ఒకవేళ ఆ పెద్దలు "ఇది నకిలీ" అంటే ఏం చేస్తాం? నెహ్రూ జబ్బుతో ఉండగా శాఖ లేని మంత్రిగా తిరిగొచ్చిన శాస్త్రి గారిని అక్కడికి పంపారు. ఆయన స్థానికులతో మాట్లాడి, అధికారుల సలహా పక్కనపెట్టి, చూపించడానికి ఒప్పుకున్నారు. 1964 ఫిబ్రవరి 3న ఫకీర్ మీరక్ షా ఆ కేశాన్ని కళ్ళదాకా ఎత్తి చూసి అసలుదే అన్నారు. లోయ చల్లబడింది. ఇంత జూదం ఆడినవాణ్ణి మెతక అని ఎలా అంటాం? జనం మాట నమ్మాలి అనుకున్నాక ఇక వెనక్కి చూడలేదు.

రైలు ప్రమాదం సంగతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే అది సగమే ప్రచారంలో ఉంది. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర (అప్పటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే) వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పుడే రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. నవంబర్‌లో మద్రాసు రాష్ట్రం అరియలూరు దగ్గర మరో ప్రమాదం, మృతులు 140కి పైనే. ఈసారి పట్టుబట్టి తప్పుకున్నారు. 1957 ఎన్నికల తర్వాత మళ్ళీ మంత్రి అయ్యారు. గొప్ప పనే, కాదనను. కానీ ఆయన జీవితం మొత్తాన్ని ఆ ఒక్క రాజీనామాకి కుదించడం అన్యాయం.

ఇక తిండి గింజలు. నా లెక్కలో ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే. అప్పట్లో దేశం అమెరికా పీఎల్-480 గోధుమల మీద (అమెరికా తన మిగులు ధాన్యాన్ని సాయంగా ఇచ్చే చట్టం పేరు అది) బతికేది. ఓడ రేవుకి వస్తేనే రేషన్ షాపు తెరిచేవాళ్ళు. నా వయసువాళ్ళకి బళ్ళో పెట్టిన గోధుమ రవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు గుర్తుండే ఉంటాయి. పొలాల్లో పట్టి పీడించే వయ్యారిభామ కూడా ఆ గోధుమలతోనే దిగిందని మన రైతులు ఇప్పటికీ తిట్టుకుంటారు.

ఆహార శాఖ అంటే అప్పట్లో ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఎవరు తీసుకున్నా ఏడాదిలో తిట్లు తిని పోవడమే. నెహ్రూ దగ్గర ఉక్కు శాఖ చూసిన సి. సుబ్రహ్మణ్యాన్ని శాస్త్రి గారు అడిగి ఒప్పించారు. ఉక్కు, గనుల శాఖ సంజీవరెడ్డి గారికి వెళ్ళింది. (కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత ఆయన ముఖ్యమంత్రి పదవి వదిలి అప్పటికి కొద్ది నెలలే.)

సుబ్రహ్మణ్యం వాదన ఇదీ. రైతుకి ధర గిట్టుబాటు కాకపోతే పండించడు. ధర ఇవ్వాలి, మంచి విత్తనం ఇవ్వాలి, ఎరువు ఇవ్వాలి. వినడానికి ఇప్పుడు మామూలుగా ఉంటుంది గానీ, అప్పటిదాకా మన విధానం దీనికి పూర్తిగా ఎదురు. పట్నాల్లో కూలి జనానికి తిండి చౌకగా దొరకాలి, డబ్బంతా భారీ పరిశ్రమలకి పోవాలి. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి ఒప్పుకోలేదు. ధరలు పెరుగుతాయి, ఎరువులకి విదేశీ మారకం ఎక్కణ్ణుంచి తేవాలి అన్నారు. ప్రణాళికా సంఘంలోనూ, పార్లమెంటులో వామపక్షాల నుంచీ వ్యతిరేకతే.

ఇక్కడ ప్రధాని ఏం చేశారో చూడండి. కృష్ణమాచారిని బహిరంగంగా చిన్నబుచ్చలేదు, మంత్రివర్గంలో వాదన సాగనిచ్చారు. తన కార్యదర్శి ఎల్.కె. ఝా ఆధ్వర్యంలో ధరల మీద కమిటీ వేశారు. ఆ తర్వాత సుబ్రహ్మణ్యం వైపు తేల్చేశారు. 1965 జనవరిలో వ్యవసాయ ధరల కమిషన్, ఆహార సంస్థ (మన ఎఫ్‌సీఐ) రెండూ మొదలయ్యాయి. ఈ రోజు మన గోదావరి జిల్లాల్లో గానీ నల్లగొండలో గానీ రైతు మద్దతు ధర గురించి మాట్లాడుతున్నాడంటే ఆ మాట మొదలైంది అక్కడే. అదే ఏడు మెక్సికో పొట్టి గోధుమ విత్తనం 250 టన్నులు తెప్పించారు. మరుసటి ఏడు 18,000 టన్నులు వచ్చేనాటికి శాస్త్రి గారు లేరు. వరిలో ఎక్కువ దిగుబడినిచ్చే ఐఆర్8 వంగడం ఆ తర్వాత వచ్చింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించారు. హరిత విప్లవం ఖాతా మనం ఇందిరా గాంధీ పేరున రాస్తాం. పంట ఆమె హయాంలో కోశారు, నిజమే. దున్నింది ఈయన హయాంలో.

పాల సంగతీ అంతే. 1964 అక్టోబర్ చివర గుజరాత్ లోని ఆనంద్‌కి వెళ్ళి, అమూల్ దాణా ఫ్యాక్టరీ ప్రారంభించే ముందు రాత్రి దగ్గర్లోని ఒక పల్లెలో రైతు ఇంట్లో బస చేశారు. ఇక్కడి పాల సంఘం ఎందుకు నిలబడింది, ఇదే పని ప్రభుత్వ డెయిరీలు ఎందుకు చేయలేకపోతున్నాయి అని ఆ ఊళ్ళోవాళ్ళను అడిగి తెలుసుకున్నారు. ఆ సంఘాన్ని నడిపించే కురియన్‌ని పిలిచి దేశమంతా ఇలాంటివి పెట్టండి అన్నారు. కురియన్ ఢిల్లీకి రానంటే, ఆనంద్ నుంచే చేయండి అన్నారు. 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి పుట్టింది అలాగే. శాస్త్రి గారి పద్ధతంతా ఆ ఒక్క నిర్ణయంలో కనిపిస్తుంది.

అయితే గింజలు రాత్రికి రాత్రి పండవు కదా. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న దిగుబడి, వానలు మొహం చాటేయడంతో మరుసటి ఏడు 7.2 కోట్లకి పడిపోయింది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమలు నెలకింత అని కొలిచి పంపడం మొదలుపెట్టాడు. అంతకుముందే 1965 ఏప్రిల్‌లో శాస్త్రి గారి అమెరికా పర్యటనని తన వైపు నుంచే వాయిదా వేసి అవమానించాడు కూడా. సోమవారం రాత్రి భోజనం మానండి అని శాస్త్రి గారు దేశాన్ని అడిగింది ఆ రోజుల్లోనే. మా ఇంట్లో అమ్మ సోమవారం రాత్రి పొయ్యి వెలిగించేది కాదు. పిల్లలకి మజ్జిగలో నానబెట్టిన అటుకులు. హోటళ్ళు సాయంత్రం తలుపులు వేసేవి. దీనివల్ల ఎన్ని గింజలు మిగిలాయని లెక్కలు తీసేవాళ్ళుంటారు. పెద్దగా మిగిలి ఉండవు. కానీ ప్రభుత్వం అడిగితే జనం వింటున్నారన్న సంగతి అందరికీ, అమెరికావాళ్ళకి కూడా, తెలిసింది.

ఇప్పుడు ఆయన తడబడిన చోటు. రాజ్యాంగం ప్రకారం 1965 జనవరి 26 నుంచి హిందీ ఒక్కటే కేంద్రానికి అధికార భాష కావాలి. ఇంగ్లీషు 'కొనసాగవచ్చు' అని 1963 చట్టంలో ఉంది, 'కొనసాగుతుంది' అని లేదు. బలవంతంగా రుద్దం అని నెహ్రూ మాట ఇచ్చారు గానీ అది చట్టంలో లేదు. తేదీ ఎప్పుడో తెలుసు, గొడవ వస్తుందనీ తెలుసు. 1964 జనవరిలోనే తిరుచ్చిలో ఒక యువకుడు నిప్పంటించుకున్నాడు. అయినా శాస్త్రి గారు ముందుగా ఏమీ చేయలేదు. గుల్జారీలాల్ నందా నడిపే హోంశాఖ హిందీ వాడకం గురించి ఉత్తర్వులు పంపుతూ పోయింది.

జనవరి చివరికి మద్రాసు రాష్ట్రం భగ్గుమంది. కాలేజీలు మూతపడ్డాయి, కాల్పులు జరిగాయి, పదుల సంఖ్యలో చనిపోయారు. ఫిబ్రవరి 11న సుబ్రహ్మణ్యం, అళగేశన్ ఇద్దరు మంత్రులూ రాజీనామా చేశారు. వాటిని ఆమోదించమని ప్రధాని పంపితే, రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు తొందరపడొద్దని ఆపారు. అదే రాత్రి శాస్త్రి గారు రేడియోలో మాట్లాడారు. ఏ రాష్ట్రమైనా తన పని తన భాషలోనో ఇంగ్లీషులోనో చేసుకోవచ్చు, కేంద్రంతో ఇంగ్లీషులో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపవచ్చు, కేంద్ర ఉద్యోగాల పరీక్షల్లో ఇంగ్లీషు ఉంటుంది అని మాట ఇచ్చారు. తర్వాత 1967లో చట్ట సవరణ జరిగింది ఈ హామీల దారిలోనే. ఇదే మాట డిసెంబర్‌లో చెప్పి ఉంటే? నా అభిప్రాయంలో ఇది ఆయన పాలనలో అతి పెద్ద లోపం. అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఆగే అలవాటు, తేదీ ముందే రాసిపెట్టి ఉన్న సమస్యకి పనికిరాలేదు. ఆ హామీల ఫలం మాత్రం ఈ రోజు నా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లలు కూడా అనుభవిస్తున్నారు.

యుద్ధం గురించి మీకు తెలిసిందే ఎక్కువ కాబట్టి తక్కువ చెబుతాను. 1965 ఏప్రిల్‌లో కచ్‌లో పాకిస్తాన్ గిల్లి చూసింది, మనం సర్దుకున్నాం. దాంతో పాక్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌కి ధైర్యం వచ్చింది. కచ్ గొడవ నడుస్తుండగానే శాస్త్రి గారు పార్లమెంటులో ఒక హెచ్చరిక చేశారు. దాడి ఆపకపోతే ఎక్కడ, ఎలా కొట్టాలో మన సైన్యమే ఎంచుకుంటుంది అని. అయూబ్ అది పట్టించుకోలేదు. ఆగస్టులో కాశ్మీర్‌లోకి చొరబాటుదారుల్ని పంపాడు. ఆగస్టు 28న మన సైన్యం హాజీపీర్ కనుమ పట్టుకుంది. సెప్టెంబర్ 1న ఛంబ్ దగ్గర పాక్ ట్యాంకులు దిగాయి. అఖ్నూర్ పోతే కాశ్మీర్‌కి దారి తెగుతుంది. ఆ సాయంత్రమే విమానాలు లేచాయి. సెప్టెంబర్ 6న సైన్యం పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు కదిలింది. నెహ్రూ హయాంలో ఊహకందని నిర్ణయం అది. రక్షణ మంత్రి చవాన్, సైన్యాధిపతి చౌధురి, వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్ ఏం చేయాలో చెబితే ప్రధాని విని అనుమతి ఇచ్చారు. ఏ బెటాలియన్ ఎక్కడికి పోవాలో తాను చెప్పలేదు. 1962లో జరిగిన తప్పు సరిగ్గా అదే కదా, రాజకీయ నాయకులు మ్యాపులు పట్టుకుని కూర్చోవడం. సెప్టెంబర్ 23 తెల్లవారుజామున కాల్పులు ఆగాయి.

తాష్కెంట్ మీద మాత్రం వాదన ఇంకా తెగలేదు. 1966 జనవరి 10న సోవియట్ ప్రధాని కొసిగిన్ మధ్యవర్తిత్వంలో సంతకాలు అయ్యాయి. రెండు సైన్యాలూ ఆగస్టు 5కి ముందున్న చోటికి పోవాలి, అంటే హాజీపీర్ తిరిగి ఇచ్చేయాలి. పునరావాస మంత్రి మహావీర్ త్యాగి దీనికి నిరసనగా రాజీనామా చేశారు. సైనికులు ప్రాణాలిచ్చి తెచ్చింది బల్ల మీద ఇచ్చేశారన్న బాధ న్యాయమైనదే. అయితే ఛంబ్ వాళ్ళ చేతిలో ఉంది. ఐక్యరాజ్య సమితి ఒత్తిడి ఉంది, తిండికి ఓడలు కావాలి. నేనైతే ఇంకేం చేయగలిగేవారో చెప్పలేను. 11వ తేదీ వేకువజామున అక్కడే కన్నుమూశారు. అప్పటికే గుండె జబ్బు మనిషి. పోస్ట్‌మార్టం చేయకపోవడం వల్ల అనుమానాలు మిగిలాయి. వాట్సాప్‌లో వచ్చే కథలకి అంతకు మించి ఆధారం నేను చూడలేదు.

ఒప్పుకోవలసిన మచ్చలు ఇంకొన్ని. చైనా యుద్ధం నాటి అత్యవసర పరిస్థితిని ఆయన ఎత్తేయలేదు. 1964 చివర్లో భారత రక్షణ నిబంధనల కింద మార్క్సిస్టు నాయకుల్ని విచారణ లేకుండా జైల్లో పెట్టారు. అందులో మన పుచ్చలపల్లి సుందరయ్య గారూ ఉన్నారు. 1965లో కేరళ ఎన్నికల్లో మార్క్సిస్టులకే అందరికంటే ఎక్కువ సీట్లు వచ్చినా, గెలిచినవాళ్ళలో చాలామంది జైల్లోనే ఉన్నా, ఆ శాసనసభ ఒక్కసారైనా కూర్చోకుండానే రద్దయింది. ప్రజాస్వామ్యాన్ని కాపాడిన మనిషి అని రాసేటప్పుడు దీన్ని దాటేయకూడదు. అలాగే ప్రధానికంటూ విడిగా ఒక సచివాలయం పెట్టి, ఝా గారిని దానికి పెద్దని చేసింది ఆయనే. తర్వాతి ప్రధానుల కాలంలో ఆ ఆఫీసు మంత్రివర్గాన్నే మింగేసేంత పెరిగింది.

ఆయన పదవిలో ఉండగా లోక్‌సభలో మూడుసార్లు అవిశ్వాస తీర్మానం వచ్చింది. మూడుసార్లూ కూర్చుని విన్నారు, జవాబిచ్చారు, గెలిచారు. మీరు పరీక్ష కోసం అడుగుతున్నట్టయితే కారు కథ వదిలేసి ధరల కమిషన్, ఫిబ్రవరి 11 రేడియో ప్రసంగం, సెప్టెంబర్ 6 నిర్ణయం ఈ మూడూ రాయండి, కేరళ ఒక పేరా చేర్చండి. సిలోన్ తోట కూలీల మీద 1964లో అక్కడి ప్రధాని సిరిమావోతో చేసుకున్న ఒప్పందం పెద్ద విషయం, ఇక్కడ ఇమడదు. కావాలంటే విడిగా అడగండి, రాస్తాను.